ఒక్కో ఫ్రేమూ ఎక్కించిన పాత గ్రాఫిక్స్ టేపు: మచ్చలు బిట్లలోనే ఎందుకు?

బెజవాడ మిక్సింగ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా బాబాయి 90ల్లో విజయవాడ గవర్నర్‌పేటలో పెళ్లి వీడియోల మిక్సింగ్ యూనిట్ నడిపేవాడు. ఈ మధ్య ఆ షాపు ఖాళీ చేస్తుంటే అటక మీద యూమాటిక్ (అప్పటి స్టూడియోల పెద్ద వీడియో క్యాసెట్) టేపులు దొరికాయి. అందులో ఒకటి గ్రాఫిక్స్ బిట్ల టేపు. పెళ్లి క్యాసెట్ మొదట్లో వచ్చేవి చూసే ఉంటారు: తామరపువ్వు విచ్చుకుంటే లోపల్నుంచి వినాయకుడు రావడం, బంగారు రంగు ‘శుభవివాహం’ గిరగిరా తిరుగుతూ వచ్చి మధ్యలో ఆగడం, రెండు ఉంగరాలు ఒకదాంట్లో ఒకటి దూరడం. అవే. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎన్ని పెళ్లిళ్లకు ఈ వినాయకుడు వెళ్లొచ్చాడో లెక్కలేదు.

బాబాయిని అడిగితే, “అవి హైదరాబాద్‌లో చేయించాంరా. కంప్యూటర్లో బొమ్మ ఒక్కోటే తయారయ్యేది, ఒక్కోటే టేపుకి ఎక్కించేవాళ్లు. పది సెకన్ల బిట్‌కి పూట గడిచిపోయేది” అన్నాడు. అంతకు మించి గుర్తులేదట.

తెలిసినవాళ్ల దగ్గర యూమాటిక్ ప్లేయర్, టీబీసీ (బొమ్మ అదరకుండా నిలకడ చేసే పెట్టె) అద్దెకు తెచ్చి టేపు మొత్తం కంప్యూటర్‌లోకి తీసుకున్నాను. మూడు విషయాలు అర్థం కావట్లేదు.

మొదటిది, తెల్లటి గీతల్లాంటి మచ్చలు. టేపు పాతది కాబట్టి మచ్చలుంటాయి, సరే. కానీ ఇవి బొమ్మ కదులుతున్నంతసేపే ఉన్నాయి. ముందున్న కలర్ బార్స్‌లో (రంగు సరిచూసుకునే పట్టీలు) ఒక్కటీ లేదు. ‘శుభవివాహం’ వచ్చి ఆగిపోయాక కూడా లేవు. అదే టేపు, అదే ప్లేయర్.

రెండోది, ఆ ‘శుభవివాహం’ బిట్‌లోనే 8 సెకన్లు దాటగానే బంగారు రంగు ఒక్కసారిగా కొంచెం ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. తర్వాత చివరిదాకా అలాగే ఉంటుంది.

మూడోది, డీఇంటర్‌లేస్ చేస్తే (ఒక్కో ఫ్రేములో సగం సగం గీతలుగా ఉండే రెండు ఫీల్డులను విడదీసి పూర్తి బొమ్మలు చేస్తే) తామరపువ్వు నూనె పోసినట్టు సాఫీగా కదులుతోంది. ఉంగరాలు మాత్రం గతుకులు పడుతున్నాయి.

టేపు డబ్బాలో మడతపెట్టిన కాగితం ఒకటుంది. ‘శుభవివాహం’ దగ్గర ఇలా రాసుంది: “పీఆర్ 5. పీఓ 2. 1 ఎఫ్. 0000 నుంచి 0374. హోల్డ్ 75. లాస్ట్ ఓకే 01:00:08:12. కరెంట్. 212 నుంచి మళ్లీ.”

నేను తీసుకున్నది ‘మాస్టర్’ అని రాసున్న టేపు. ‘డబ్-1’ అని ఇంకొకటి ఉంది, దాన్నింకా పెట్టి చూడలేదు. ఎవరైనా చెప్పగలరా?

కేబుల్ బాస్

హెడ్ క్లీన్ చేయించండి బ్రదర్. యూమాటిక్ అంటేనే మచ్చలు. మిగతాది హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్‌లేస్ ఆన్ చేస్తే పోతుంది.

హెడ్ డ్రమ్

హెడ్ మురికి అయితే బార్స్‌లోనూ మచ్చలు పడాలి కదా. ఇది ప్లేయర్ జబ్బు కాదు, ఆ టేపు పుట్టుకలోనే ఉంది. నేను హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో వీటీఆర్ (వీడియో టేపు రికార్డర్) ఆపరేటర్‌గా చాలా ఏళ్లు ఇదే పని చేశాను, కాబట్టి కాస్త పొడుగ్గా చెబుతాను. ఓపిక ఉంటే చదవండి.

కంప్యూటర్ నిదానంగా బొమ్మలు గీసేది కాబట్టి ఒక్కోటీ ఎక్కించేవాళ్లం అనుకుంటారు అందరూ. అది సగమే నిజం. అసలు చిక్కు టేపుతోనే. సినిమా కెమెరాలో ఫిల్మ్ ఒక గడి ముందుకు జరిగి ఆగుతుంది, వెలుగు పడుతుంది, మళ్లీ జరుగుతుంది. యానిమేషన్ స్టాండ్ మీద వందేళ్లుగా అలాగే తీస్తున్నారు. వీడియో టేపు ఆగి ఉండగా దాని మీద ఏమీ రాయలేం. పాల్ (మన టీవీ పద్ధతి, సెకనుకు 25 ఫ్రేములు) యూమాటిక్‌లో టేపు సెకనుకు 9.53 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంటుంది, హెడ్లున్న డ్రమ్ సెకనుకు 25 చుట్లు తిరుగుతుంటుంది. ఒక చుట్టుకు ఒక ఫ్రేము. అంటే ఒక ఫ్రేముకు దక్కేది టేపు మీద 4 మిల్లీమీటర్ల కన్నా తక్కువ జాగా. టేపు వేగం, డ్రమ్ తిరుగుడు రెండూ కుదురుకుని సింక్‌లో పడితే తప్ప ఆ జాగాలో సరిగ్గా రాయడం కుదరదు.

అందుకే ప్రీరోల్. మీ కాగితంలో ‘పీఆర్ 5’ అదే. రాయాల్సిన చోటికి 5 సెకన్లు వెనక్కి వెళ్లి, అక్కణ్ణుంచి మామూలు ప్లేలో పరిగెత్తుకుంటూ వచ్చి, సరిగ్గా ఆ ఫ్రేము దగ్గర రికార్డ్‌లోకి దిగి, 25వ వంతు సెకను తర్వాత బయటపడాలి. లాంగ్ జంప్ వాడు గీత దగ్గర నిలబడి దూకలేడు కదా, అలాగే. బయటపడ్డాక కూడా వెంటనే ఆపకుండా 2 సెకన్లు నడవనిస్తారు, అది ‘పీఓ 2’, పోస్ట్‌రోల్. ‘1 ఎఫ్’ అంటే దూకిన ప్రతిసారీ ఒకే ఫ్రేము రాయడం. ఇలా ఒక చుట్టు పూర్తవడానికి ఎంత తక్కువన్నా 15 సెకన్లు. మీ 375 ఫ్రేములకు గంటన్నర దాటుతుంది. ఇది ఎక్కించడానికే. బొమ్మ తయారవడానికి పట్టే టైము వేరు.

ఇప్పుడు మచ్చల సంగతి. 5 సెకన్లంటే 125 ఫ్రేములు. నూరో ఫ్రేము రాసేశాం అనుకోండి. నూటొకటి రాయడానికి వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చేటప్పుడు హెడ్లు ఈ నూరో ఫ్రేము మీదుగానే వస్తాయి. నూట రెండుకీ అంతే. అలా తర్వాతి 125 ఫ్రేములు పూర్తయ్యేదాకా ఆ చోటుకు విముక్తి లేదు. దానికి ముందు పోస్ట్‌రోల్‌లో 50 సార్లు. వెనక్కి తిరగడం కూడా కలిపితే అటూ ఇటూ 350 సార్లు. మామూలుగా షూట్ చేసిన టేపు బతుకంతా కలిపినా అన్నిసార్లు ప్లే అవదు. మా టేపు పుట్టేటప్పుడే అంత అరిగి పుట్టేది. పైపూత పలచబడిన చోట ఏళ్లు గడిచేకొద్దీ పొడి రాలుతుంది. మీరు చూస్తున్న తెల్ల గీతలు అవే.

ఆగిన అక్షరాల మీద మచ్చలు ఎందుకు లేవో కూడా ఇప్పుడు తెలిసిపోయుండాలి. బొమ్మ కదలనప్పుడు ఫ్రేము ఫ్రేముగా రాయాల్సిన ఖర్మ ఏమిటి? ‘హోల్డ్ 75’ అంటే చివరి బొమ్మను స్క్రీన్ మీద పెట్టి 3 సెకన్లు ఏకబిగిన రాసేశారు. ఆ జాగా మీద పెద్దగా రాపిడి లేదు.

నేను చెప్పేది నిజమో కాదో మీరే ఇంకోచోట చూసుకోవచ్చు. బిట్ మొదలవడానికి ముందు నల్లటి భాగం ఉంటుంది కదా, దాన్ని బ్రైట్‌నెస్ పెంచి చూడండి. చివరి 5 సెకన్లలో మచ్చలు మొదలై, బిట్ దగ్గర పడేకొద్దీ చిక్కబడాలి. మొదటి ఫ్రేముల ప్రీరోల్ పరుగులన్నీ అక్కడే జరిగాయి.

8 సెకన్ల దగ్గర రంగు మారడం గురించి. టైమ్‌కోడ్ (టేపు మీద ప్రతి ఫ్రేముకూ ఉండే గంట:నిమిషం:సెకను:ఫ్రేము నంబర్) 01:00:00:00 నుంచి మొదలైతే 01:00:08:12 అంటే 212వ ఫ్రేము. అక్కడ కరెంట్ పోయింది, అంతే. కంప్యూటర్‌కి యూపీఎస్ ఉండేది, వీటీఆర్‌కి, ఎన్‌కోడర్‌కి ఉత్త స్టెబిలైజరే. ఎండాకాలం హైదరాబాద్‌లో మాకిది రోజూ ఉండే తద్దినం. కంప్యూటర్ ఇచ్చే ఎరుపు, ఆకుపచ్చ, నీలం సిగ్నళ్లను (ఆర్‌జీబీ) వీడియోగా మార్చే ఎన్‌కోడర్ అనలాగ్ పెట్టె. కనీసం అరగంట వేడెక్కితే గానీ దాని రంగు కుదురుకోదు. కరెంట్ రాగానే క్లయింట్ పక్కన నిలబడి “కానివ్వండి, కానివ్వండి” అంటుంటే ఎవరు ఆగుతారు? చల్లగా ఉన్న ఎన్‌కోడర్‌తోనే 212 నుంచి మళ్లీ మొదలుపెట్టుంటారు. 213 సగంలో తెగిపోయి ఉండొచ్చు కాబట్టి ఒకటి వెనక్కి వచ్చి 212నే మళ్లీ రాశారు. పద్ధతి తెలిసినవాడే చేశాడు.

ఇలా మధ్యలో ఆగి మళ్లీ అతకడం సాధ్యమవడానికి కారణం, టేపును ముందే స్ట్రైప్ చేయడం. ఖాళీ టేపుకి మొదట్నుంచి చివరిదాకా నలుపు, కంట్రోల్ ట్రాక్ (ప్రతి ఫ్రేము ఎక్కడుందో డెక్‌కి చెప్పే గుర్తుల వరస), టైమ్‌కోడ్ ఏకధాటిగా ఎక్కించి, ఆ తర్వాత ఇన్సర్ట్ ఎడిట్‌లో బొమ్మ ఒక్కటే మార్చుకుంటూ పోతాం. కంట్రోల్ ట్రాక్ తెగదు. అసెంబుల్‌లో, అంటే కంట్రోల్ ట్రాక్ కూడా కొత్తగా రాసుకుంటూ పోయే పద్ధతిలో చేస్తే రాసిన ప్రతి ఫ్రేము వెనక ఒక చీలిక మిగులుతుంది, ఆ టేపు చెత్తబుట్టకే.

మూడోదానికి మీ కాగితంలోనే జవాబు ఉండాలి. ఉంగరాల దగ్గర ‘1 ఎఫ్’ ఉందా, ‘2 ఎఫ్’ ఉందా చూసి చెప్పండి.

ఇక మీరు అడగనిది ఒకటి. మాస్టర్ అని రాసుంది కాబట్టి అదే గొప్పదని అనుకోకండి. ఫ్రేము ఫ్రేముగా ఎక్కించిన టేపు విషయంలో నేను దాన్ని చివరన నమ్ముతాను. పని పూర్తయిన రాత్రే రియల్ టైమ్‌లో ఒక కాపీ తీసి పెట్టడం మాకు అలవాటు. ఆ కాపీ ఒక్క పరుగులో రికార్డ్ అయింది, దాని ఒళ్లు అరగలేదు. డబ్ కేబుల్‌తో (రంగునీ వెలుగునీ విడివిడిగా పంపే తీగ) తీసుంటే రంగులోనూ పెద్దగా పోయేదేమీ ఉండదు. మీ ‘డబ్-1’ అదే అయ్యుండాలి. మాస్టర్‌లో ఉండి డబ్‌లో లేని మచ్చ తర్వాతి ఏళ్లలో వచ్చినది. రెండింట్లోనూ ఉంటే ఆ రాత్రే ఉన్నది.

మౌంట్ రోడ్ ఇంజనీర్

పైన సార్ చెప్పినదానికి చెన్నై నుంచి కొంచెం చేర్పు. తెలుగు సినిమా వాళ్ల టైటిళ్లు, యాడ్‌లు చాలావరకు ఇక్కడే జరిగిన రోజులు నాకు తెలుసు. హైదరాబాద్ నుంచి చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో టేపులు సంచీలో పెట్టుకుని వచ్చేవాళ్లు.

కంప్యూటర్, వీటీఆర్ రెండూ మాట్లాడుకోవడానికి మధ్యలో యానిమేషన్ కంట్రోలర్ ఉండేది. డయాక్వెస్ట్ కార్డులు, లయన్ ల్యాంబ్ పెట్టెలు ఆ రోజుల్లో పేరున్నవి. లయన్ ల్యాంబ్ వాళ్లకు 1979 సంవత్సరానికి ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం కూడా వచ్చింది, చేత్తో గీసిన యానిమేషన్‌ని వీడియోలో సరిచూసుకునే పరికరానికి. కంట్రోలర్ నుంచి వీటీఆర్‌కి తొమ్మిది పిన్నుల ఆర్ఎస్-422 కేబుల్, 38,400 బాడ్. ఆ కేబుల్ ఇవాళ్టి బ్రాడ్‌కాస్ట్ డెక్కుల వెనక కూడా కనిపిస్తుంది.

మాకు నిద్రపట్టనివ్వనిది ఒక్క ఫ్రేము జారడం. వీటీఆర్ 100కి బదులు 101లో దిగితే 100లో నలుపు మిగిలిపోతుంది, చూసేవాడికి కంటి ముందు రెప్ప కొట్టినట్టు పడుతుంది. అందుకని ముందు ఒక టెస్ట్ చేసేవాళ్లం. ప్రతి ఫ్రేములో దాని నంబర్ మాత్రమే ఉన్న బొమ్మలు వరసగా ఎక్కించి, జాగ్ (ఫ్రేము ఫ్రేముగా జరిపే చక్రం) తిప్పుతూ ఒక్కోటీ చదవడం. టైమ్‌కోడ్, లోపల నంబర్ కలిస్తేనే అసలు పని. కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఈ చదివే పని అప్పగించేవాళ్లం, ఎవరికీ ఇష్టం ఉండేది కాదు.

ఒక అంగుళం టేపు మీద కాంపోజిట్‌లో (రంగూ వెలుగూ కలిపిన ఒకే సిగ్నల్) చేసేవాళ్లకు ఇంకో తలనొప్పి. పాల్ రంగు వరస 8 ఫీల్డులకు, అంటే 4 ఫ్రేములకు ఒకసారి తిరిగి మొదటికొస్తుంది. ఎన్‌కోడర్, వీటీఆర్ ఒకే బ్లాక్ బర్స్ట్‌కి (అన్ని పెట్టెలనూ ఒకే లయలో నడిపే సిగ్నల్) కట్టి, ఆ వరస తప్పకుండా చూసుకోకపోతే బొమ్మ పక్కకు చిన్నగా అదిరేది. బీటాక్యామ్ ఎస్పీ టేపు వచ్చి కాంపోనెంట్‌లో (రంగు, వెలుగు విడివిడిగా) నేరుగా ఇవ్వడం మొదలయ్యాక ఆ గొడవ తగ్గింది.

డబ్ గురించి సార్ మాటే నా మాట కూడా. ఒక్కటే జాగ్రత్త, కొందరు డబ్ మీద పేర్లు, తేదీలు ఎక్కించి పాడుచేసేవాళ్లు. మొదట చూసుకోండి.

బ్లెండర్ పిల్ల

అంకుల్, నేను యానిమేషన్ కోర్సు చేస్తున్నాను. మా ల్యాబ్‌లో కూడా నేరుగా వీడియోగా రెండర్ చేయొద్దు, పీఎన్‌జీలుగా (ఒక్కో ఫ్రేముకు ఒక బొమ్మ ఫైల్) చేసి తర్వాత కలపండి అంటారు. ఎందుకో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. కరెంట్ పోతే 212 నుంచి మళ్లీ మొదలెట్టడం, ఇదీ ఒకటేనా? అసలు అప్పుడు మీరు ముందు అన్ని ఫ్రేములూ హార్డ్‌డిస్క్‌లో పెట్టుకుని తర్వాత ఎక్కించొచ్చు కదా?

హెడ్ డ్రమ్

ఒకటే తల్లీ. మధ్యలో ఆగితే ఆగినచోట నుంచి ఎత్తుకోవచ్చు, పాడైన ఒక్క ఫ్రేమునే మళ్లీ చేయొచ్చు. ఎంపీ4గా రెండర్ చేస్తుంటే సగంలో కంప్యూటర్ పడిపోయిందంటే ఫైల్ మొత్తం పోయినట్టే.

హార్డ్‌డిస్క్ అన్నావు. 720 అడ్డం, 576 నిలువు, మూడు రంగులు. లెక్కేస్తే ఒక ఫ్రేము 12 లక్షల బైట్ల పైచిలుకు. 375 ఫ్రేములు 460 ఎంబీ దాటతాయి. టార్గా బొమ్మ ఫైళ్లను కంప్రెస్ చేస్తే, వెనక నలుపు ఎక్కువగా ఉంటే బాగా తగ్గేవి. వెనక మబ్బులు, మెరుపులు కావాలని క్లయింట్ అడిగితే తగ్గేవి కావు. మొదట్లో మా మెషీన్ డిస్క్ మొత్తం కలిపినా అంత లేదు. అందుకని ఒక ఫ్రేము తయారవగానే ఎక్కించడం, చెరిపేయడం, తర్వాతిదానికి వెళ్లడం. 3డీ స్టూడియో అనే మా యానిమేషన్ సాఫ్ట్‌వేర్ డాస్ మీద నడిచేది. 386కి పక్కన మ్యాథ్ కోప్రాసెసర్ చిప్ లేకపోతే అది లేవనే లేవదు. బంగారు అక్షరాల మీద ప్రతిబింబాలు పెడితే ఒక ఫ్రేముకు పది నిమిషాలు కూడా పట్టేది. అంతసేపు వీటీఆర్‌ని స్టిల్‌లో ఉంచకూడదు, హెడ్లు ఒకే గీత మీద గీకుతూ ఉంటాయి. స్టాండ్‌బై ఆఫ్‌లోకి పంపి, ఫ్రేము సిద్ధమయ్యాక లేపాలి. రాత్రి పూట ఏసీ గదిలో ఆ డెక్ లేచిన ప్రతిసారీ టక్‌మని చప్పుడు చేసేది. నిద్రలో ఉన్నా ఆ చప్పుడు రాకపోతే మెలకువ వచ్చేసేది నాకు.

ఇంకో సంగతి, నీకు పనికొస్తుంది. తెలుగు అక్షరాలు 3డీలోకి తేవడానికి అప్పట్లో మా దగ్గర ఫాంట్లు లేవు. ఆర్టిస్ట్ చేత ‘శుభవివాహం’ రాయించి, స్కాన్ చేసి, 3డీ స్టూడియోలోని 2డీ షేపర్‌లో మౌస్‌తో చుట్టూ గీసి, లాఫ్టర్‌లో మందం ఇచ్చేవాళ్లం. తలకట్టు సన్నగా గీశావంటే టీవీలో అది పటపటా కొట్టుకునేది. అడ్డగీత ఒక్క లైను మందమే ఉంటే ఒక ఫీల్డులో ఉంటుంది, ఇంకో ఫీల్డులో ఉండదు మరి. కాబట్టి ఆర్టిస్ట్ ఎంత అందంగా రాసినా మేం తలకట్లు లావు చేసేవాళ్లం, ఆయన తిట్టుకునేవాడు. కుంకుమ ఎరుపు కూడా అంతే. పూర్తి 255 ఇస్తే యూమాటిక్‌లో పక్కకు కారుతుంది. 200 దాటనిచ్చేవాణ్ణి కాదు.

1995 ఆగస్టులో ఈటీవీ వచ్చింది. ఆ చుట్టుపక్కలే మా దగ్గర ఈ పని ముగిసిపోయింది. డీపీఎస్ వాళ్ల పర్సనల్ యానిమేషన్ రికార్డర్ లాంటి కార్డులు వచ్చాయి. ఫ్రేములన్నీ దాని సొంత హార్డ్‌డిస్క్‌లో పడతాయి, చివరన ఒక్కసారి ప్లే కొడితే రియల్ టైమ్‌లో వీడియో బయటికొస్తుంది, టేపు ఒక్క పరుగులో రికార్డ్ అవుతుంది. అమెరికాలో అమీగా కంప్యూటర్ మీద అందరూ చెప్పుకునే వీడియో టోస్టర్ మనకు పనికిరాలేదు, అది వాళ్ల టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీకే చేశారు.

బెజవాడ మిక్సింగ్

సార్, మీరు ఇక్కడ కూర్చుని అక్కడి టేపు చదివేశారు. నల్లటి భాగం చూశాను. బిట్‌కి 5 సెకన్ల ముందుదాకా శుభ్రంగా ఉంది, తర్వాత ఒకటీ అరా మచ్చలు, బిట్ మొదలయ్యేసరికి బాగా ఎక్కువ.

ఉంగరాల దగ్గర ‘2 ఎఫ్’ అనే ఉంది. పక్కన ‘ఫీల్డ్ నో’ అని కూడా రాశారు. తామర దగ్గర ‘1 ఎఫ్, ఫీల్డ్ ఎస్’. ఇంకోటి గమనించాను. ఉంగరాల బిట్‌లో మచ్చలు మిగతా రెండిటికన్నా తక్కువ.

డబ్-1 తీసి చూస్తే రీలు అంచు మీద తెల్లటి బూజు పట్టింది. ఇంకా ప్లేయర్‌లో పెట్టలేదు. పెట్టొచ్చా?

హెడ్ డ్రమ్

పెట్టొద్దు. బూజు హెడ్లకు అంటుకుంటే ప్లేయరూ పోతుంది, దాని తర్వాత పెట్టిన టేపులన్నిటికీ అంటుకుంటుంది. అద్దె ప్లేయర్ అన్నారు, వాళ్ల నోట్లో నోరు పెట్టలేం. టేపు శుభ్రం చేసే మెషీన్ ఉన్నవాళ్లకు ఇవ్వండి. ఇంట్లో దూది, స్పిరిట్ ప్రయోగాలు చేయకండి. ఈలోపు ఆ టేపును ప్లాస్టిక్ కవర్లో విడిగా పెట్టి, మిగతావాటికి దూరంగా ఉంచండి. బూజు దులిపేటప్పుడు ముక్కుకి మాస్క్ వేసుకోమని బాబాయికి కూడా చెప్పండి.

‘2 ఎఫ్’ అంటే ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములపాటు రాశారు. సెకనుకు పన్నెండున్నర బొమ్మలే. సగం రెండరింగ్, సగం ఎక్కించే టైము, సగం డబ్బులు. పరుగులు సగమయ్యాయి కాబట్టి మచ్చలూ తక్కువే. మీ బాబాయి ఉంగరాల మీద బేరమాడినట్టున్నాడు, తామర మీద ఆడలేదు.

కాబట్టి రెండిటికీ ఒకే సెట్టింగ్ పెట్టకండి. తామరను ఫీల్డులుగా రెండర్ చేశారు, సెకనుకు 50 వేర్వేరు క్షణాలున్నాయి. దాన్ని 50 ఫ్రేములకు డీఇంటర్‌లేస్ చేయండి, పై ఫీల్డు మొదట. ఉంగరాల్లో ఫీల్డులు రెండూ ఒకే క్షణానివి. దాన్ని అసలు డీఇంటర్‌లేస్ చేయకూడదు, ఉన్నది ఉన్నట్టు 25లో ఉంచండి. చేస్తే ఉన్న వివరం కూడా పోతుంది. గతుకు మాత్రం పూర్తిగా పోదు, బొమ్మలే అన్ని ఉన్నాయి.

దాచుకునే ఫైల్ మాత్రం ఏదీ డీఇంటర్‌లేస్ చేయకుండా, ఎఫ్ఎఫ్‌వీ1 లాంటి లాస్‌లెస్ (బొమ్మలో ఏమీ పోని) ఫార్మాట్‌లో పెట్టుకోండి. టైమ్‌కోడ్ కూడా పట్టుకోగలిగితే పట్టుకోండి. మాస్టర్‌ని, డబ్‌ని ఫ్రేముకి ఫ్రేము కలపాలంటే డబ్‌కి కూడా అదే టైమ్‌కోడ్ ఉంటే పని సులువు.

మౌంట్ రోడ్ ఇంజనీర్

కలిపేటప్పుడు ‘శుభవివాహం’లో 212 తర్వాత రంగు సరిచేస్తే హోల్డ్ భాగానికి కూడా సవరణ వేయండి. హోల్డ్ కూడా ఆ చల్లటి ఎన్‌కోడర్‌తోనే, లేదంటే అప్పటికి కాస్త వేడెక్కిన ఎన్‌కోడర్‌తో రాసుంటారు. 212 నుంచి 374 దాకా రంగు నెమ్మదిగా వెనక్కి జరిగిందేమో వెక్టర్‌స్కోప్ (రంగు కొలిచి చూపేది) పెట్టి చూడండి. ఆ 163 ఫ్రేములు ఎక్కడానికి 40 నిమిషాలు పట్టుంటుంది కదా, కంటికి తెలియకపోయినా జరిగే ఉంటుంది. ఒకే సవరణ మొత్తానికి వేస్తే చివర్లో ఎర్రబడుతుంది.

బెజవాడ మిక్సింగ్

ఇప్పుడే చూశాను సార్. జరిగింది. 213 దగ్గర ఆకుపచ్చ ఎక్కువ, 374కి వచ్చేసరికి సగం తగ్గింది. నాకు కంటికి మాత్రం చివరిదాకా ఒకేలా కనిపించింది. డబ్ టేపును శుభ్రం చేయడానికి రేపు కొరియర్‌లో పంపుతున్నాను. వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి ఇక్కడ వేస్తాను.